మధ్యాహ్నపు పిలుపు

మూడు రోజులుగా బండి నడుపుతున్నది రోదాంథి ఒక్కతే. తమ్ముడు సిఫీస్ చేతికి స్టీరింగ్ ఇచ్చే పరిస్థితి లేదు. అలాగని తప్పు వాడిదీ కాదు. గ్రీకుల క్రీటు ద్వీపంలో పెళ్ళిపిలుపు అంటే కార్డు చేతిలో పెట్టి వచ్చేయడం కాదు. పెళ్ళికొడుకే స్వయంగా వెళ్ళి గుమ్మంలో నిలబడాలి. సీసా వంచి గ్లాసులో ద్రాక్షసారా పోయాలి. ఇంటివాళ్ళతో పాటు తనూ ఒక గుక్క తాగాలి. తాగారంటే వస్తామని మాట ఇచ్చినట్టే. ఇక పిలిచినవాడు ఆ పిలుపుని వెనక్కి తీసుకోలేడు, తాగినవాడు ఎగ్గొట్టలేడు. ద్వీపం చుట్టూ చెల్లాచెదురుగా ఉన్న చుట్టాల గుమ్మాలన్నీ ఇలా ఎక్కి దిగితే ఎంత గట్టి పెళ్ళికొడుకైనా తూలక మానడు.

పైగా ఇంకో నియమం కూడా ఉంది. సీసా పట్టుకుని బయల్దేరాక దారిలో ఎదురైన మనిషిని పిలవకుండా దాటిపోకూడదు. వీళ్ళ తాత తన పెళ్ళప్పుడు ఒక మేకలకాపరిని చూసీ చూడనట్టు వెళ్ళిపోయాడట. ఆ కాపరి చచ్చేదాకా తన మేకల్ని తాతగారి ద్రాక్షతోటలోనే మేపాడు. ఆ కథ చెప్పుకుని ఇంటిల్లిపాదీ పడీ పడీ నవ్వేవాళ్ళు గానీ, నియమం మాత్రం ఎవరూ తప్పలేదు.

"పెట్రోలు బంకులో కుర్రాణ్ణి కూడా పిలిచావు కదరా," అంది రోదాంథి మలుపు తిప్పుతూ. "ఊరుకాని ఊరు నుంచి పనికి వచ్చినవాడు. పాపం, ఏం చెయ్యాలో తెలీక పైపు వదిలేసి తాగాడు."

"ఎదురయ్యాడుగా!"

"ఎదురవడమేంటి? బంకుకి వెళ్ళింది మనం."

"నువ్వు లాయరు కావలసినదానివక్కా. పళ్ళ డాక్టరు దగ్గర కూర్చుని జనాలతో నోళ్ళు తెరిపిస్తున్నావు. నీ నోరు చూశాక వాళ్ళకి మత్తుమందు కూడా అక్కర్లేదు."

"ముందు ఆ బెల్టు పెట్టుకో. చెవులు చిల్లులు పడుతున్నాయి."

పక్కసీట్లో మనిషి బెల్టు పెట్టుకోకపోతే బండి టింగు టింగుమని మోగుతూనే ఉంటుంది. సిఫీస్‌కి బెల్టంటే చిరాకు. పొద్దున్నుంచీ అది మోగడం, ఆమె తిట్టడం, వాడు పెట్టుకుని మళ్ళీ తీసేయడం, ఇదే వరస.

వాణ్ణి తిట్టడం ఆమెకి అలవాటు. అమ్మానాన్నా ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయేనాటికి వాడికి బూటు లేసులు కట్టుకోవడం కూడా రాదు. అప్పట్నించీ వాడి అన్నం, చదువు, జ్వరాలు, అలకలు అన్నీ ఆమెవే. తన పెళ్ళి మాట ఎవరెత్తినా "వీడిది కానివ్వండి" అనేది. ఇన్నాళ్ళకి ఆ రోజు వచ్చింది. ఆగస్టు పదిహేను మరియమ్మ పండగ దాటాక వచ్చే శనివారం వాడి పెళ్ళి. ఆ ఒక్క రోజు సవ్యంగా గడిచిపోతే చాలు, దేవుణ్ణి ఇంకేమీ అడగను అనుకుంది. మనసులో ఒక మూల భయం కూడా ఉండేది. ఉన్నది వీడొక్కడే. వీడికేమైనా అయితే ఇక తను మిగిలి ఏం చేసుకోవాలి?

తూర్పువైపు చుట్టాలు అయిపోయారు. ఇప్పుడు దక్షిణపు ఒడ్డునే పడమరకి వెళుతున్నారు. ఎడమపక్క నిటారుగా లోయ, దాని కింద సముద్రం. కుడిపక్క కాలిపోయిన రంగులో కొండ. మధ్యాహ్నం మంచి ఎండలో ఆ రోడ్డు మీద పిట్ట తిరగదు. ఊళ్ళన్నీ కిటికీలు బిగించుకుని పడుకునే వేళ అది. ఆ వేళప్పుడు పిల్లల్ని గడప దాటనివ్వరు. ఎందుకని అడిగితే పెద్దవాళ్ళు వడదెబ్బ అంటారు. ముసలివాళ్ళు మాత్రం ఏమీ చెప్పరు, చెయ్యి పట్టుకుని లోపలికి లాగుతారు.

సారాయి కంపు, వేడెక్కిన సీట్ల వాసన, కిటికీలోంచి అడవి పుదీనా వాసన. కీచురాళ్ళ రొద ఎంతగా ఉందంటే, అది బయటినుంచి కాక తన తలలోంచే వస్తున్నట్టుంది రోదాంథికి. ఇంజను వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటింది.

"నీళ్ళు కావాలి. ఆ మలుపులో ఊట ఉంది, అక్కడ ఆపుతా," అంది.

మలుపులో, లోయ అంచున, ఒక దీపపు గూడు ఉంది. బండి బోల్తాపడి పోయినవాళ్ళ పేరున ఇంటివాళ్ళు అక్కడే కట్టించే గూళ్ళు ఆ దారంతా ఉంటాయి. అరచేతంత అద్దం వెనక పోయినవాళ్ళ ఫొటో, ముందు నూనెదీపం. దాటేటప్పుడు రోదాంథి మామూలుగా గుండెల మీద శిలువ గుర్తు వేసుకుని ముందుకెళ్ళిపోతుంది. ఈ గూడు ముందు మాత్రం ఒక మనిషి ఉంది.

తలనుంచి పాదాల దాకా నలుపు. గూటి అద్దాన్ని గుడ్డతో తుడుస్తోంది. ఆ పక్కన బండి లేదు. చుట్టుపక్కల ఊరూ లేదు.

రోదాంథి బానెట్ ఎత్తి, ఊట దగ్గర సీసాలో నీళ్ళు పట్టుకుంటోంది. సిఫీస్ అప్పటికే ద్రాక్షసారా సీసా, గ్లాసు పట్టుకుని దిగేశాడు.

"సిఫీస్, ఇప్పుడొద్దురా," అంది.

"ఎదురైందిగా అక్కా. మన మేకలకాపరి కథ మర్చిపోయావా?" అని కన్నుకొట్టి, గూటి వైపు నడిచాడు. "పిన్నిగారూ! పదిహేను పండగ వెళ్ళాక వచ్చే శనివారం నా పెళ్ళి. రెథిమ్నోలో. మీరు తప్పకుండా రావాలి."

ఆమె తుడవడం ఆపింది. ఇటు తిరగలేదు.

"నన్నా?"

"మిమ్మల్నే."

"నన్నెవరూ పిలవరు నాయనా. బండ్లన్నీ ఆగకుండానే పోతాయి."

"అందుకేగా నేను ఆగింది!"

అప్పుడు తిరిగింది. వయసు చెప్పడం కష్టంగా ఉంది. తలగుడ్డ నీడలో ముసలిదానిలాగే ఉంది గానీ, ముఖం ఎక్కడో చూసినట్టుంది, చుట్టాల పోలికేదో ఉంది. బూట్లు కొత్తవి. అంత దుమ్ములోనూ ఒక్క మరక లేదు.

"ఎవరబ్బాయివి?"

సిఫీస్ తండ్రి పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు, తన పేరూ చెప్పాడు. "సిఫీస్," అని ఆమె మెల్లగా మళ్ళీ పలికింది, మర్చిపోకుండా ఉండడానికన్నట్టు. వాడు తాగాడు. ఆమె కూడా గ్లాసు ఖాళీ చేసింది. మింగుతున్నప్పుడు ఆమె గొంతు కదల్లేదు. రోదాంథి అది చూసింది. ఎండకి కళ్ళు బైర్లు కమ్ముతున్నాయనుకుంది.

"వస్తాను. పెళ్ళి చూసి చాలాకాలమైంది," అంది ఆమె. "కానీ అదేరోజు మాకూ ఒక కార్యం ఉంది. మీరు నన్ను పిలిచారు, నేను మిమ్మల్ని పిలవాలి కదా." నడుముకి కట్టుకున్న సంచిలోంచి ఒక కాగితం పొట్లం తీసి ఇచ్చింది.

పొట్లం విప్పకుండానే రోదాంథికి వాసన తెలిసింది. ఉడకబెట్టిన గోధుమలు, పంచదార, ఎండుద్రాక్ష, దాల్చినచెక్క. పోయినవాళ్ళ నలభయ్యో రోజున చర్చి దగ్గర పంచే గోధుమలు. వాటిని వద్దనకూడదు. పుచ్చుకుని, "దేవుడు క్షమించుగాక" అని, ఎవరి పేరునో అడగాలి.

"దేవుడు క్షమించుగాక," అంది రోదాంథి దగ్గరికొచ్చి. "ఎవరి పేరునండీ?"

"మీవాళ్ళే చెప్తారు," అంది ఆమె.

సిఫీస్ అప్పటికే పిడికెడు నోట్లో వేసుకుని నములుతున్నాడు. గూటిలో దీపం వెలుగుతోంది. దాని వెనక ఫొటో చట్రం ఉంది, కానీ అందులో ఫొటో లేదు. రోదాంథికి ఇంకో సంగతి కూడా తెలిసొచ్చింది. కీచురాళ్ళ చప్పుడు లేదు. ఎప్పుడు ఆగిందో కూడా తెలీదు... మలుపు దాటాక, ఒక్కసారిగా మళ్ళీ మొదలైంది.

*

జంబియా అత్త వీళ్ళ నాన్నకి అక్క. ఆమె ఇల్లు ఊరి చివర, అత్తిచెట్టు పక్కన. పెళ్ళి ఖాయమైన దగ్గర్నుంచీ రోజూ ఫోనుచేసి వంటలో ఎన్ని గొర్రెలు అని అడిగే మనిషి. రోదాంథి తలుపు కొట్టింది. సీసా తేవడం మరిచిపోయి సిఫీస్ వెనక్కి వెళ్ళాడు.

తలుపు తెరిచిన అత్త ఒంటి మీద నల్లబట్టలున్నాయి. రోదాంథిని చూడగానే గట్టిగా వాటేసుకుని భోరుమంది.

"ఎంత పని చేశావే తల్లీ! చచ్చిపోయాడన్న కబురు కూడా చెప్పకుండా సరాసరి నలభయ్యో రోజుకి పిలుస్తావా? నేను అంత కానిదాన్నయ్యానా? వాణ్ణి ఈ చేతులతో ఎత్తుకున్నానే..."

"ఎవరత్తా? ఎవరు పోయారు?"

అత్త ఏడుపు మధ్యలో ఆగిపోయింది. రోదాంథి భుజం మీదుగా చూస్తోంది. సీసా ఊపుకుంటూ మెట్లెక్కుతున్న సిఫీస్ని చూసి పెట్టిన కేకకి పక్కింటి కిటికీలు తెరుచుకున్నాయి. వాడి బుగ్గలు తడిమింది, జుట్టు లాగింది, చెంపమీద ఒక్కటిచ్చింది, మళ్ళీ కౌగిలించుకుంది. మావయ్య పొలిక్రోనిస్ లోపల్నుంచి తుపాకీ పట్టుకుని వచ్చాడు. ఎవరి మీదికో ఆయనకీ తెలీదు.

"ఇందాకే వచ్చిందే ఒకావిడ," అంది అత్త. "పెళ్ళికూతురి తరఫు మనిషేమో అనుకున్నా. ఆ శనివారమే, సిఫీస్ పేరున, అని గోధుమలిచ్చి వెళ్ళింది. అప్పట్నించీ నీకు ఫోన్ చేస్తూనే ఉన్నా. కలిసి చస్తేనా!"

బల్ల మీద కాగితం పొట్లం ఉంది.

"ఏ దారిన వచ్చిందత్తా? ఏ బండిలో?"

"నడిచే వచ్చిందమ్మా."

రోదాంథి తమ్ముడి వైపు చూసింది. మలుపు నుంచి ఇక్కడిదాకా కొండదారి. బండి మీదే అరగంట పట్టింది. దారిలో ఎవరూ ఎదురవలేదు.

"ఎవడో పనీపాటా లేని వెధవ ఆడిస్తున్న నాటకం ఇది. దొరకనీ, చెప్తాను," అన్నాడు మావయ్య. అందరూ సారా తాగారు. సిఫీస్ నవ్వించడానికి చూశాడు. "అత్తా, చచ్చాక కూడా చెంపదెబ్బ తప్పలేదు నాకు," అన్నాడు. అత్త నవ్వింది. కానీ వాళ్ళు బయల్దేరేటప్పుడు రోదాంథి చెయ్యి పట్టుకుని, చెవిలో అంది.

"వాణ్ణి ఒక్కడినీ వదలకు."

ఆ తరవాత మళ్ళీ ఒక పక్క సముద్రం, ఒక పక్క కొండ. ఇద్దరూ చెరోవైపూ చూస్తూ వెళ్ళారు. మొదటి మలుపులో గూడు లేదు. ఆ తరవాతి మలుపులోనూ లేదు. పొద్దు ఇంకా నడినెత్తిమీదే ఉన్నట్టుంది.

ఒక చోట రోడ్డు వంపు తిరిగి ఎదురుగా కొండవార కనిపిస్తుంది. అక్కడ, దూరంగా, రోడ్డు అంచునే ఒక నల్లటి ఆకారం నడుస్తోంది. తొందర లేదు. తలెత్తి చూడడం లేదు. రోదాంథి బండి వేగం పెంచి ఆ వంపు చుట్టి వచ్చేసరికి రోడ్డు ఖాళీగా ఉంది.

"చూశావా?" అంది.

"ఏంటి?"

"ఏం లేదు."

*

ఎఫ్తీహిస్ వీళ్ళకి పెదనాన్న కొడుకు. సిఫీస్ కంటే పెద్దవాడు. చిన్నప్పుడు వాడికి ఈత నేర్పిందీ, మొదటి సిగరెట్టు తాగించిందీ ఇతనే. సముద్రం ఒడ్డున చిన్న హోటలు నడుపుతాడు. వేసవిలో ఎప్పుడూ వాకిలి నిండా గోల. ఇవాళ కుర్చీలు బల్లల మీద బోర్లించి ఉన్నాయి.

ఎఫ్తీహిస్ వచ్చి రోదాంథి రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"రా అక్కా. ఒక్కదానివే ఇంతదూరం ఎందుకొచ్చావు? మేమే వచ్చేవాళ్ళం కదా."

సిఫీస్ ఆమె పక్కనే నిలబడి ఉన్నాడు. నవ్వాడు. "ఏరా, నీకూ అంటించిందా ఆ ముసలిది?" అన్నాడు.

ఎఫ్తీహిస్ తల తిప్పలేదు.

"కూర్చో అక్కా." ఒక కుర్చీ లాగాడు. ఒకటే. అతని భార్య లోపల్నుంచి పళ్ళెం తెచ్చింది. పంచదార లేని కాఫీ, ఎండు రొట్టెముక్క, చిన్న గ్లాసులో బ్రాందీ. చావు ఇంట్లో ఇచ్చేవి. అవీ ఒక్కొక్కటే.

"ఎఫ్తీహిస్," అన్నాడు సిఫీస్. ఈసారి నవ్వు లేదు. "ఒరేయ్. ఇటు చూడు."

భుజం మీద చెయ్యి వేశాడు. ఎఫ్తీహిస్ ఈగని తోలుకున్నట్టు ఆ భుజాన్ని దులుపుకున్నాడు.

"బంగారంలాంటి కుర్రాడు," అంది అతని భార్య కళ్ళు ఒత్తుకుంటూ. "నేను ఎక్కువ చూడలేదులే. ముఖం కూడా సరిగ్గా గుర్తురావడం లేదు. పేరేమిటన్నారు?"

ఎఫ్తీహిస్ నోరు తెరిచాడు. నుదురు ముడివేసి ఆలోచించాడు.

"ఏదో... పేరు... గొంతు దాకా వస్తోంది..."

రోదాంథి లేచింది. చెయ్యి తగిలి పళ్ళెంలో కాఫీ ఒలికింది. తమ్ముడి మణికట్టు పట్టుకుని బండి దాకా లాక్కొచ్చింది. ఆ మణికట్టు అంత ఎండలోనూ చల్లగా ఉంది.

"అక్కా." వాడి గొంతు చిన్నప్పటిలా అయిపోయింది. "నేను కనిపిస్తున్నానా నీకు?"

"కనిపిస్తున్నావురా. ఎందుకు కనిపించవు?"

"నిజంగా చూసి చెప్పు."

"చూస్తూనే ఉన్నాను నాన్నా."

కానీ రోడ్డు మీదినుంచి చూపు తిప్పి పక్కకి చూసిన ప్రతిసారీ, ఒక క్షణం సీటు ఖాళీగా కనిపించింది. ఆ తరవాతే వాడు కనిపించాడు. ఆ క్షణం నిడివి పెరుగుతూ వస్తోంది.

ఇంకో సంగతి కూడా గమనించింది. వాడు బెల్టు పెట్టుకోలేదు.

బండి మోగడం లేదు.

*

మిగిలింది ఒక్క గుమ్మం. ఎవాంథియా. వాడి జ్ఞానతల్లి. బాప్తిస్మం తొట్టిలో ముంచి వాడికి సిఫీస్ అని పేరు పెట్టిన మనిషి. వాళ్ళిద్దరూ నోనా అని పిలుస్తారు. కొండమీద ఊరు. ఆ నల్లబట్టల మనిషి గుమ్మంలో అడుగుపెట్టిన ప్రతి ఇంటా వాడు కొంచెం కొంచెంగా తరిగిపోతున్నాడని రోదాంథికి అర్థమైంది. పేరు పెట్టినావిడ కూడా ఆ పేరు మర్చిపోతే ఇక వాడు లేనట్టే.

ముందు చేరాలి. అంతే.

కొండదారి ఎక్కింది. ఒక మెలిక. ఇంకో మెలిక. టైర్లు కీచుమన్నాయి. కింద సముద్రం చిన్నదైపోతోంది. సిఫీస్ తల వాల్చేశాడు. నిద్రో, స్పృహ లేదో తెలీదు.

"మాట్లాడరా. ఏదో ఒకటి మాట్లాడు."

ఒక చేత్తో వాడి భుజం కుదిపింది.

మలుపు తిరిగింది. ముందు... నడిరోడ్డు మీద... నల్లటి వీపు.

హారను కొట్టింది. ఆ మనిషి తొందరపడలేదు. రోదాంథి పూర్తిగా తొక్కింది. ముల్లు పైకి పోతోంది. చెట్లు వెనక్కి పోతున్నాయి. కానీ ఆ వీపు అంతే దూరంలో ఉంది. అంతే నింపాదిగా నడుస్తోంది. కీచురాళ్ళ రొద మళ్ళీ ఆగిపోయింది.

రోదాంథి బ్రేకు వేసింది. ఆ మనిషి కూడా నిలబడింది.

బండి దిగింది.  రోడ్డు వేడికి తారు కాలికి అంటుకుంటోంది. దాల్చినచెక్క వాసన. దాని అడుగున, వానాకాలంలో కొత్తగా తవ్విన మట్టి వాసన. వాన పడి నెలలైంది.

"ఆగు," అంది. "పిలుపు వెనక్కి తీసుకుంటున్నాను."

"తాగాం కదమ్మా," అంది ఆ మనిషి, ఇటు తిరగకుండానే. గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ భయపెట్టింది.

"వాడికేమీ తెలీదు. వాడు చిన్నవాడు. వాణ్ణి వదిలెయ్. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఎవరో ఒకరు రావాలి."

రోదాంథి వెనక్కి తిరిగి చూసింది. బండి ముందు అద్దం వెనక, వాడి సీటు ఖాళీ. రెప్ప కొట్టింది. ఖాళీ. మళ్ళీ కొట్టింది. అప్పుడు కనిపించాడు, లీలగా, తల పక్కకి వాల్చి. జ్వరమొచ్చినప్పుడు ఆమె ఒళ్ళో అలాగే పడుకునేవాడు.

"నేను వస్తాను," అంది. "వాడి బదులు."

ఆ మనిషి తిరిగింది. మలుపులో చూసినప్పుడు ముసలిదనుకుంది. కాదు. దగ్గర్నుంచి చూస్తే తన ఈడుదే.

"నీ ఇష్టంతోనేనా?"

"నా ఇష్టంతోనే."

"అయితే తిను."

పొట్లం రోదాంథి చేతిలోనే ఉంది. బండిలో వదిలేసిందనుకుంది. విప్పింది. నోట్లో వేసుకుంది. తీపి లేదు. ఏ రుచీ లేదు. నమిలింది, మింగింది. ఆ మనిషి వంగి చెవి దగ్గర గుసగుసగా అడిగింది.

"ఎవరి పేరునమ్మా?"

"రోదాంథి."

"దేవుడు క్షమించుగాక," అంది ఆ మనిషి. ఎంతో అలసట తీరినట్టు ఊపిరి వదిలింది. రోదాంథి కన్నీళ్ళు తుడుచుకుని చూసేసరికి రోడ్డు మీద ఎవరూ లేరు. కీచురాళ్ళు గీపెడుతున్నాయి.

పరుగున వచ్చి బండిలో కూర్చుంది. తాళం తిప్పింది.

టింగు. టింగు. టింగు.

అంత హాయైన చప్పుడు ఆమె జన్మలో వినలేదు. స్టీరింగ్ మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది, నవ్వింది. "బెల్టు పెట్టుకో వెధవా," అంది. సిఫీస్ ఒళ్ళు విరుచుకుని లేచాడు, ఆవలిస్తూ బెల్టు లాక్కున్నాడు. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. "ఆకలేస్తోందక్కా," అన్నాడు. వాడి మణికట్టు ముట్టుకుంది. వెచ్చగా ఉంది.

తనకేమవుతుందో తెలీదు. కానీ పెళ్ళి దాకా గడువు ఉంటుంది కదా, వాడి పెళ్ళి చూసే పోతుంది కదా అనుకుంది. ఆ మాత్రం చాలు.

*

ఎవాంథియా గుమ్మంలోనే ఉంది, చిక్కుడుకాయలు తుంచుకుంటూ. ఒంటి మీద పువ్వుల గౌను.

"ఒరేయ్ సిఫీస్! ఎంత చిక్కిపోయావురా! పెళ్ళికూతురు చూస్తే వెనక్కి పంపించేస్తుంది నిన్ను!"

ఆ పేరు ఆమె నోట విని రోదాంథి గోడకి ఆనుకుపోయింది. గెలిచింది. సిఫీస్ సారా పోశాడు. నోనా గటగటా తాగింది, నిండు నూరేళ్ళూ కలిసి బతకమని దీవించింది, లోపలికి లాక్కుపోయి జున్ను రొట్టెలు ముందు పెట్టింది. చల్లటి గది. తులసి కుండీ వాసన. సిఫీస్ కరువు తీరా తింటున్నాడు. రోదాంథి గుమ్మం పక్కన నిలబడి, వాడు నమలడం చూస్తూ ఉండిపోయింది.

"అక్క లోపలికి రాదేంరా?" అంది నోనా.

"ఎండకి తలనొప్పిగా ఉందంట నోనా. బండిలోనే ఉంటానంది."

రోదాంథి నవ్వబోయింది. వీడి వేళాకోళం వీడూనూ. "నోనా, ఇక్కడే ఉన్నాను," అంది.

నోనా ఇంకో రొట్టె వడ్డించింది.

"సిఫీస్," అంది రోదాంథి. బల్ల దగ్గరికి వెళ్ళింది. "సిఫీస్, ఇటు చూడు." వాడి ముఖానికి ముఖం పెట్టింది. వాడి కళ్ళు ఆమెలోంచి ఉప్పుగిన్నె వైపు చూశాయి. ఆమె మీదుగా చెయ్యి చాపి ఉప్పు తీసుకున్నాడు.

"పాపం, నీకోసం ఎంత తిరుగుతోందో," అంటూ నోనా నాలుగు రొట్టెలు గుడ్డలో మూటకట్టింది. "ఇవి పట్టుకెళ్ళి దానికివ్వు. అది తిండి మానేసి నిన్ను పెంచింది, గుర్తుంచుకో."

రోదాంథి కిటికీ దగ్గరికి వెళ్ళింది. వెళ్ళాలని లేదు. వెళ్ళింది.

వాకిట్లో బండి ఉంది. ఎండ అద్దం మీద పడి మెరుస్తోంది. డ్రైవరు సీట్లో ఎవరో కూర్చుని, వెనక చూసే అద్దంలో జుట్టు సర్దుకుంటున్నారు. నల్లగుడ్డ కనిపించలేదు. రోదాంథి పొద్దున వేసుకున్న పసుపు చొక్కా కనిపించింది.

"వద్దు," అంది. "సిఫీస్, ఎక్కొద్దు... అది నేను కాదు..."

వాడు నోనా చెయ్యి ముద్దుపెట్టుకున్నాడు. మెట్లు దిగాడు. ఆమె వాడి వెనకే పరుగెత్తింది, చొక్కా పట్టుకుని లాగింది. వాడు ఈగని తోలుకున్నట్టు భుజం దులుపుకున్నాడు. కిటికీలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి రొట్టెల మూట అందుకుంది. తలుపు పడింది. బెల్టు బిగిసిన చప్పుడు వినిపించింది. చెప్పించుకోకుండానే పెట్టుకున్నాడు.

"పోనీ అక్కా," అన్నాడు.

బండి కదిలింది. రోదాంథి దాని పక్కనే పరుగెత్తింది, అద్దం మీద అరచేతులతో బాదింది. లోపల ఆ మనిషి ఒక్కసారి ఆమె వైపు చూసింది. మలుపులో అద్దం తుడిచినప్పటి నెమ్మదే ఆ చూపులో ఉంది. ఊరి చివర దారి రెండుగా చీలుతుంది. కుడికి తిరిగితే రెథిమ్నో, ఇల్లు. ఎడమకి తిరిగితే వచ్చిన దారే, సముద్రం మీది మలుపులు, ఫొటో లేని ఆ గూడు.

బండి ఎడమకి తిరిగింది.

తెరిచి ఉన్న కిటికీలోంచి, దూరమవుతున్న తమ్ముడి గొంతు వినిపించింది.

"అక్కా, ఇటెందుకు? మన ఇల్లు అటు కదా?"

బండి వేగం తగ్గలేదు.